పులిత్రేన్పులా? ముద్ద దిగకపోవడమా?

“ఛాతీలో మంట, గొంతులో అడ్డు” అంటూ మా వైద్యశాలకు వచ్చేవారిలో అధికులది ఆమ్లపిత్తమే. మాధవనిదానం దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించింది. జీర్ణాశయంలోని పులుపు అన్ననాళంలోకి ఎగదన్నడం వలన భోజనానంతరం, వంగినపుడు, పడుకొన్నపుడు మంట హెచ్చుతుంది. పుల్లని నీరు నోటిలోకి వస్తుంది. సాధారణంగా ముద్ద మాత్రం సులభంగానే దిగుతుంది. రాత్రి భోజనానికీ నిద్రకూ నడుమ 3 గంటల వ్యవధి ఉంచి, మంచం తలవైపు కోళ్ళను 6 అంగుళాలు ఎత్తు చేసి, వేపుళ్ళు, కారం, కాఫీ తగ్గిస్తే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. అవిపత్తికర చూర్ణం వైద్యుని సలహాపైనే సేవించాలి. అందులోని తెగడ విరేచనకారి గనుక గర్భిణులు వాడరాదు.

కొన్నేళ్ళ క్రితం ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి నేను ఈ చూర్ణమే ఇచ్చి పంపాను. మంటను గురించి అడిగానే తప్ప ముద్ద సంగతి అడగలేదు. నెల తరువాత తిరిగి వచ్చారు, చొక్కా వదులైంది. ఈసారి ఆయన భార్యను అడిగాను, “అమ్మా, వంటలో ఏమైనా మార్చారా?” అని.

“రొట్టె మానేశారండీ. రెండు నెలలుగా అన్నం మెత్తగా పిసికి, మజ్జిగ పోసి జారుగా ఇస్తున్నాను. పళ్ళు లేవు కదా, అందుకే అనుకున్నాను.”

ఆనాడే ఎండోస్కోపీకి పంపాను. అన్ననాళంలో కణితి బయటపడింది.

అన్ననాళం సుమారు 25 సెంటీమీటర్ల గొట్టం. అది ఇరుకైనపుడు మొదట గట్టి పదార్థాలు, క్రమంగా జావ, చివరకు నీరు కూడా నిలిచిపోతాయి. ఇల్లాలు తెలియకుండానే వంటను జారుగా మార్చుకుంటూ పోతుంది. రోగి ముద్దముద్దకూ నీళ్ళు త్రాగుతాడు. అందువలన వ్యాధి దాగిపోతుంది. అన్నమూ నీరూ మొదటినుంచీ సమంగా నిలిచిపోతుంటే అన్ననాళపు కదలికలో దోషం ఉండవచ్చు. మింగుతుండగా దగ్గు రావడం, నీరు ముక్కులోకి పోవడం గొంతు నరాల, కండరాల బలహీనతకు సూచన. పక్షవాతం వచ్చినవారిలో ఇది తరచు కనబడుతుంది. వారి నోట బలవంతంగా నీళ్ళు పోయరాదు, ఊపిరితిత్తులలోకి పోతాయి.

మంట ఉన్నదిగనుక ఇది ఆమ్లపిత్తమేనని నిశ్చయించుకోవద్దు. దీర్ఘకాలపు పులుపు పుండు చేసి, అది మానేటప్పుడు నాళాన్ని ఇరుకు చేయగలదు. ముద్ద నిలవడం, బరువు తగ్గడం, రక్తపు వాంతి, నల్లని విరేచనం వీటిలో ఏది కనబడినా చూర్ణాలతో కాలయాపన చేయరాదు. నాడి చూసి దీనిని తేల్చడం నాకు సాధ్యం కాదు; ఎండోస్కోపీ వంటి పరీక్షలే దారి.

తిన్నది అడ్డుపడి ఉమ్మి సైతం దిగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. దానిని క్రిందికి త్రోయడానికి అరటిపండో, అన్నపుముద్దో మింగించే అలవాటు మన ఇళ్ళలో ఉంది. ఆ పని చేయవద్దు.