ముసలి కారు, ఆటోమాటిక్ గేరుపెట్టె

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దలు చెప్పుచుండిరి. ఎద్దుబండ్ల నాటి ఆ మాట నేడు మన పాఠశాల వాకిట ఉదయమున బారులు తీరు కార్లకును వర్తించుచున్నది. ఐతే ఎద్దుబండి తన బాధను కిర్రుమని వీథి యెల్ల వినిపించెడిది. ఆటోమాటిక్ గేరుపెట్టె గల కారు చాలకాలము మూగగా సహించి, పిల్లలతో కొండ యెక్కుచున్నప్పుడు ఒక్కసారిగా మొరాయించును. అట్టి యనుభవ మొకటి మాకు కలిగినది. పాఠశాల సంచికలో గేరుపెట్టెను గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన తలిదండ్రులలో పలువురు ఒకరిద్దరి చేతులు మారిన కార్లను కొని, వానితోనే బడికిని, పళనికిని, చుట్టముల ఇండ్ల పెండ్లిండ్లకును తిరుగుచున్నవారు. కావున మేము డబ్బు పోసి తెలిసికొన్న సంగతులను నలుగురితో పంచుకొనుట మంచిదని తలచితిమి.

మా కారునకు అప్పటికి 13 ఏండ్లు నిండినవి. 1,10,000 కిలోమీటర్లు తిరిగినది. వేసవి సెలవులలో వత్తలగుండు దాటి కొడైక్కానలు ఘాట్ రోడ్డు ఎక్కుచుండగా, ఒక మలుపున ఇంజను హోరెత్తినది గాని చక్రములకు బలము చేరలేదు. వెనుక సీటున ముగ్గురు పిల్లలు; వారి వెనుక ఒక బస్సు. చేతిబ్రేకు వేసి, చక్రమునకు రాయి అడ్డము పెట్టి, అరగంటసేపు నిలిపితిమి. పిదప కారు ఏమియు ఎరుగనట్లు కదలినది. మేము అంతటితో సంతోషించి, బండిని త్రిప్పి, మెల్లగా క్రిందికి దింపుకొని వచ్చితిమి. అది మా తెలివితక్కువ. జారుచున్న గేరుపెట్టె దిగుడులో ఇంజను పట్టును కారునకు అందించునన్న నమ్మకము లేదు. భారమంతయు బ్రేకులపైననే పడును. పిల్లలను బస్సెక్కించి, కారును లారీపై దింపించి యుండవలసినది.

మరునాడొక వర్క్‌షాపునకు పోతిమి. వారు కారు క్రిందికి తొంగి చూడకయే గేరుపెట్టె మొత్తము మార్చవలెననియు, 1,35,000 రూపాయలగుననియు చెప్పిరి. కారు నమ్మినను అంతకంటె ఎక్కువ వచ్చునట్లు లేదు. మా చేతనున్న డబ్బో, పిల్లల చదువునకై తీసిపెట్టినది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదనుట అతిశయోక్తి కాదు.

ఇక ఈ పెట్టెలో నేమి జరుగునో చూతము. రెండు ఫ్యానులను ఎదురెదురుగా నుంచి ఒకదానిని త్రిప్పినచో, దాని గాలికి రెండవది కూడ తిరుగును గదా. గాలికి బదులు నూనె యున్నదనుకొనుడు. ఇంజను ఒక ఫ్యానును త్రిప్పును. నూనె తాకిడికి రెండవది తిరిగి చక్రములకు బలము నందించును. ఇదియే టార్క్ కన్వర్టరు. జర్మనీ దేశపు ఇంజనీరు హెర్మన్ ఫొట్టింగరు ఓడల కొరకు ఈ యుక్తిని కనిపెట్టి 1905లో పేటెంటు పొందెను. అమెరికాలో జనరల్ మోటార్సు వారు హైడ్రా-మాటిక్ అను గేరుపెట్టెను 1940 మాడలు ఓల్డ్స్‌మొబీలు కార్లలో అమర్చిరి. అందు ఫొట్టింగరు కన్వర్టరు గాక, దానికి దగ్గరి చుట్టమైన సరళతరపు నూనె జోడు ఉండెడిది. కన్వర్టరు వెనుక సూర్యుని చుట్టును గ్రహములవలె తిరుగు పండ్లచక్రములుండును. వానిలో దేనిని పట్టి యుంచవలెను, దేనిని విడువవలెను అనునదే గేరు మారుట. ఆ పట్టుటకు సన్నని క్లచ్చి బిళ్లల దొంతరలు గలవు. వానిని అదిమి యుంచునది నూనె యొత్తిడియే.

దీనిని బట్టి నూనె చేయు చాకిరి ఎంతయో తెలియును. బలమును మోయునది అదియే, బిళ్లలను బిగించునది అదియే, కందెనయు అదియే, లోపలి వేడిని రేడియేటరునకు కొనిపోయి చల్లార్చునదియు అదియే. ఇది తగ్గినచో నాలుగు పనులును ఒక్కమారే చెడును. కారు ఎత్తు ఎక్కునప్పుడు అడుగు పళ్లెములోని నూనె వెనుకకు ఒరగును; కొలత తక్కువగా నున్న యెడల పంపు నూనెకు బదులు గాలిని పీల్చును. ఒత్తిడి పడిపోవును, బిళ్లలు జారును. సమతల మార్గమున చక్కగా నడచిన బండి ఘాట్‌లో నిలిచిపోవుటకును, అరగంట ఆగి, నురుగు అణగి, నూనె పళ్లెమునకు చేరిన పిదప మరల కదలుటకును కారణమిదే. ఇది మాకు ముందే తెలిసియున్న ఆ మలుపున అంత కంగారు పడియుండము.

ఈ సంగతిని మాకు చెప్పినవాడు వేరొక మెకానిక్కు. వయసు మీరినవాడు, మితభాషి. అతడు ముందుగా నూనె కొలత పుల్లను తీసి తెల్లగుడ్డపై తుడిచెను. రంగు చూచెను, వాసన చూచెను, రెండు వ్రేళ్ల నడుమ రాచి చూచెను. క్రొత్త నూనె చాల కార్లలో ఎర్రగా నుండును. మాది గోధుమరంగునకు తిరిగినది గాని నల్లబడలేదు, మాడు వాసన లేదు, లోహపు రజను లేదు. కొలత మాత్రము అడుగంటినది. రేడియేటరునకు పోవు గొట్టము అతుకు కడ ఎర్రని చెమ్మ కనబడినది. గొట్టము మార్చి, పళ్లెము దింపి, వడపోత గుడ్డ మార్చి, కారు పుస్తకములో చెప్పిన నూనెనే పోసెను. మొత్తము 11,400 రూపాయలైనది. రెండవ గేరు నుండి మూడవ గేరునకు మారునప్పుడు ఒక చిన్న కుదుపు మిగిలియుండెను. అది కొన్నాళ్లకు ఒక సోలెనాయిడు మార్చిన పిదప పోయినది.

మన దిండిగల్ తాళమునకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. తాళము తెరచుకొనకున్న మంచి పనివాడు మొదట చెవిని చూచును, పిదప చుక్క నూనె వేయును, రివెట్లు ఊడదీయుట చిట్టచివర. గేరుపెట్టె విషయమున కూడ మేము కోరునది ఆ వరుసయే. ఐనను అందరి కథయు మా కథవలె ముగియునని చెప్పజాలము. నూనె నల్లబడి మాడు వాసన కొట్టుచు, పళ్లెములో మెరయు ముక్కలు కనబడినచో బిళ్లలు కాలిపోయినవనియే యర్థము. అప్పుడు ఎంత క్రొత్త నూనె పోసినను అవి తిరిగి రావు. నూనె గులాబి రంగు పాలవలె నున్న యెడల రేడియేటరు నీరు లోపల కలిసినదని తెలిసికొని, ఒక్క మైలు కూడ నడుపక ఆపివేయవలెను. మన ప్రాంతపు ఉప్పుబావుల నీటిని రేడియేటరులో పోయు అలవాటు కొందరికి గలదు. తుప్పును, పొలుసును కొని తెచ్చుకొనుట కదియే దారి.

నూనె కొలత చూచుటకు పద్ధతి యున్నది. సాధారణముగా కారు కొంత దూరము నడిచి వేడెక్కిన పిదప, సమమైన నేలపై నిలిపి, బ్రేకు త్రొక్కి లీవరును అన్ని స్థానములకును త్రిప్పి, ఇంజను నడచుచుండగనే చూడవలెను. కొన్ని కంపెనీల కార్లలో ఇంజను ఆపిన వెంటనే చూడవలెను. కొన్నింట పుల్లయే యుండదు. క్రింది బిరడా విప్పి, నూనె యెంత వేడిమిలో నున్నదో కొలిచి చూచుట మెకానిక్కు పని. కారుతో వచ్చిన పుస్తకమే ఇందు ప్రమాణము. నూనె ఎక్కువైనను నురుగెత్తి తక్కువైనంత చెరుపే చేయును. అంగడికి పోయి ఊరక "గేర్ ఆయిలు" అని అడిగినచో సాధారణ గేరుపెట్టెలకు వాడు చిక్కని నూనె నిచ్చెదరు. అది దీనికి పనికిరాదు. నూనె పేరును, సంఖ్యను పుస్తకమునుండి కాగితముపై వ్రాసికొని పోవలెను.

"ఈ నూనె జీవితకాలము మార్చనక్కరలేదు" అని కొందరు అమ్మకపువారు చెప్పుదురు. ఎవరి జీవితకాలమో వారు చెప్పరు. ఎండ, కొండ, ఆగి ఆగి సాగు బజారు రద్దీ, ఈ మూడును నూనెను త్వరగా చెరచును. మన జిల్లాలో మూడును గలవు. చాల కార్లకు 40,000 నుండి 60,000 కిలోమీటర్లకొకసారి మార్చుట మంచిది. క్రిందినుండి కార్చినప్పుడు కన్వర్టరులోనిది అట్లే నిలిచి, సగమునకు లోపుగనే వెలికి వచ్చును. కావున కొన్ని వారముల యెడముతో రెండు మూడు మారులు మార్చుట మెరుగు. ఏండ్ల తరబడి ముట్టని పెట్టెను యంత్రముతో బలవంతముగా కడిగించుటకు మేము సమ్మతింపము. అడుగున పేరిన మడ్డి కదలి సన్నని కవాటములలో ఇరుకుకొనవచ్చును.

అన్ని దోషములును నూనెవి కావు. నేటి గేరుపెట్టెను నడుపునది ఒక చిన్న కంప్యూటరు. బ్యాటరీ బలహీనమైనను, భూమితీగ తుప్పుపట్టినను, వేగము కొలుచు సెన్సారు చెడినను, అది భయపడి కారును ఒక్క గేరులోనే బంధించి, దీపము వెలిగించును. 2013 తరువాతి కార్లలో స్టీరింగు క్రింద నున్న సాకెట్టునకు పరీక్ష యంత్రమును తగిలించి దోష సంఖ్యను చదువవచ్చును. ఆ సంఖ్యను వ్రాయించుకొనుడు. పి0700 అని వచ్చినచో గేరుపెట్టె కంప్యూటరు ఏదో ఫిర్యాదు చేయుచున్నదని మాత్రమే దాని భావము. పెట్టె మార్చుమని కాదు. బ్యాటరీ వయసు అడుగక గేరుపెట్టె ధర చెప్పువారి యొద్ద నిలువకుడు.

ఆటోమాటిక్ అను పేరుతో తిరుగునవన్నియు ఒక్క జాతివి కావని గూడ గుర్తింపవలెను. 2014లో మారుతి సెలేరియోతో మన దేశమున ప్రవేశించిన ఏ.ఎం.టి. యనునది నిజమునకు సాధారణ గేరుపెట్టెయే. క్లచ్చిని త్రొక్కుటయు గేరు మార్చుటయు మన కాలికి, చేతికి బదులు ఒక యంత్రము చేయును. ఎత్తుపై బ్రేకు వేయక యాక్సిలరేటరుతో కారును నిలిపియుంచువారు దీని క్లచ్చిని మాడ్చివేయుదురు. క్లచ్చి మార్చుట పెద్ద వ్యయము కాదు; కాని మార్చిన పిదప కంప్యూటరునకు క్రొత్త క్లచ్చి కొలతను నేర్పవలెను. ఆ పని మరచుటచే క్రొత్త క్లచ్చి కూడ కుదుపుచున్న కార్లు గలవు. సి.వి.టి.లో పండ్లచక్రముల మెట్లు లేవు. రెండు కప్పీల నడుమ ఒక ఉక్కు పట్టెడ యుండును. 1958లో హాలండు దేశపు డాఫ్ కంపెనీ రబ్బరు పట్టెడలతో దీనిని చిన్న కార్లలో నడిపినది. దీని నూనె వేరు. దీనిలో సాధారణ ఆటోమాటిక్ నూనె పోసినచో పట్టెడ జారి కప్పీలు గీరుకొనిపోవును. రెండు క్లచ్చిల పెట్టె మరియొకటి గలదు. అది మన బజారు రద్దీలో వేడెక్కినచో కాసేపు నిలిపి చల్లార్పవలెను.

మాతలకును పితలకును ముఖ్యముగా చెప్పదలచిన దొకటి. లీవరును పి లో పెట్టినంతనే కారు కట్టివేసినట్లు కాదు. లోపల వ్రేలెడు కొక్కెము ఒక పంటిలో పడియుండును, అంతియే. మొదట బ్రేకు త్రొక్కి, చేతిబ్రేకు లాగి, పిదప పి లో పెట్టినచో భారము కొక్కెముపై పడదు. వాలుపై నిలిపిన కారు పి నుండి తీయునప్పుడు ఠక్కుమన్నచో ఈ క్రమము తప్పినదని గుర్తు. ఏ.ఎం.టి. కార్లలో పెక్కింటికి పి యే లేదు. గేరులో నుంచి ఇంజను ఆపి చేతిబ్రేకు వేయవలెను. పాఠశాల ద్వారము కడ ఇంజను నడచుచుండగా పిల్లలను లోపల విడిచి, "ఒక్క నిమిషము" అని దిగిపోవుట మానుకొనవలెను.

ఆటోమాటిక్ కారును త్రోసి స్టార్టు చేయుటకు వీలులేదు. టార్క్ కన్వర్టరు గల బండిని చక్రములపై లాగించుటయు తగదు. ఇంజను నడువనిదే నూనె పంపు నడువదు, లోపలి భాగములు పొడిగా తిరిగి కాలిపోవును. లారీపై ఎక్కించియే తేవలెను. 18 మలుపుల సిరుమలై దారిలోను, కొడై దిగుడులోను పెట్రోలు మిగులునని ఎన్ లో పెట్టి విడుచువారిని చూచుచున్నాము. అట్లు చేసిన ఇంజను పట్టు పోయి, బ్రేకులు కాగి పనిచేయకపోవును. 2 లోనో, ఎల్ లోనో పెట్టి దిగవలెను.

1920లో జి.డి. నాయుడుగారు పొళ్లాచ్చి, పళనుల నడుమ తమ తొలి బస్సును తామే నడిపిరి. కోయంబత్తూరు అవినాశి రోడ్డున వారి పేర నున్న కార్ల ప్రదర్శనశాలకు పిల్లలను తీసికొనిపోయినచో, మేము మాటలతో చెప్పిన చక్రములు వారికి కన్నులతో తెలియును.

పెట్టె నిజముగనే చెడినదని ఇద్దరు వేరువేరు మెకానిక్కులు తేల్చినప్పుడు మూడు దారులు గలవు: విప్పి బాగుచేయించుట, పాడైన వేరొక కారునుండి తీసిన పెట్టె నమర్చుట, కారు నమ్మివేయుట. బాగుచేయించువారు కన్వర్టరును, నూనె చల్లార్చు గొట్టములను కూడ శుభ్రపరతురా యని ముందే అడుగవలెను. లేనిచో పాత రజను క్రొత్త బిళ్లలను తినివేయును. పాత పెట్టె కొనువారు దానిపై చెక్కిన సంఖ్య తమ దానితో సరిపోలునట్లు చూచుకొని, ఎన్నినాళ్లు పూచీ యిచ్చెదరో రసీదుపై వ్రాయించుకొనవలెను. మా మటుకు మేము కారు అరలో ఒక చిన్న పుస్తకము నుంచి, నూనె మార్చిన తేదీని, కిలోమీటర్లను, నూనె పేరును వ్రాయుచున్నాము. నెలకొకసారి రాత్రి ఇంజను క్రింద ఒక పాత వార్తాపత్రికను పరచి, తెల్లవారి దానిపై ఎర్రని చుక్క పడినదా యని మా చిన్నవాడు చూచి వచ్చి చెప్పుచున్నాడు.