హాస్టల్ గదిలో చేపల తొట్టి - ఏ చేపకి ఎన్ని నీళ్ళు?

పిల్లలు చదువుల కోసం హాస్టళ్ళకి వెళ్ళాక ఆదివారం ఫోన్లలో రకరకాల కోరికలు వినబడుతుంటాయి. ఆవకాయ, కందిపొడి పంపమనడం మామూలే. కొందరు పిల్లలు "అమ్మా, గదిలో చేపలు పెంచుకుంటాను" అంటారు. కుక్కనో పిల్లినో వార్డెన్ రానివ్వరు. చేపలైతే అరవవు, కరవవు. ఇంటి మీద బెంగ కాస్త తగ్గుతుందిలే అని మనమూ డబ్బులిచ్చేస్తాం.

ఇక్కడే కొంచెం ఆగండి. నచ్చిన చేపను ముందు కొని, తర్వాత దానికో గిన్నె వెతకడం పద్ధతి కాదు. గదిలో ఎంత తొట్టి పడుతుందో చూసుకుని, ఆ నీళ్ళల్లో హాయిగా బతికే చేపను ఎంచుకోవాలి. మాకు తెలిసిన ఒకావిడ కూతురు హాస్టల్లో చేరిన కొత్తలో గుండ్రటి గాజు గిన్నెలో రెండు గోల్డ్ ఫిష్‌లను పెట్టుకుంది. పది రోజుల్లో రెండూ పోయాయి. "నేనేం పెంచినా బతకదు" అని ఆ పిల్ల రెండు రోజులు సరిగా అన్నం తినలేదట. పాపం, తప్పు ఆ పిల్లది కాదు. ఆ చేపకి ఆ గిన్నె సరిపోదని చెప్పినవాళ్ళు లేరు, అంతే.

గోల్డ్ ఫిష్ ఎందుకు వద్దు?

షాపులో వేలెడంత ఉండే గోల్డ్ ఫిష్ సరిగ్గా పెంచితే జానెడు పెరుగుతుంది, కొన్ని రకాలు అడుగు దాకా కూడా. పదేళ్ళకి పైనే బతుకుతుంది. అది విసర్జించే మలినం కూడా ఎక్కువే. అందులోంచి వచ్చే అమ్మోనియా చిన్న గిన్నెలో చేపకి విషమవుతుంది. ఇటలీలోని రోమ్ నగరంలో 2005లో గుండ్రటి గిన్నెల్లో చేపల్ని పెంచకూడదని నిబంధనే పెట్టారు.

"తొట్టి శుభ్రం చేస్తుంది" అని షాపువాళ్ళు అంటగట్టే నల్లటి సక్కర్ చేప కూడా వద్దు. అది అడుగు పైనే పెరుగుతుంది. విసుగొచ్చి దాన్ని చెరువులో వదిలేసేవాళ్ళున్నారు. మన దగ్గర దెయ్యం చేప అని జాలర్లు తిట్టుకునేది దాన్నే. వలలు చింపేస్తుంది, మన చేపల మేత తినేస్తుంది.

మరి ఏవి నయం?

20 లీటర్ల తొట్టి, అంటే సుమారు ఒక బకెట్టు నీళ్ళు పట్టేదైతే, ఒక్క ఫైటర్ చేప. దీన్నే బెట్టా అంటారు. థాయిలాండ్ ప్రాంతపు చేప. పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి కరెంటు పోయి ఫిల్టర్ ఆగినా కాసేపు తట్టుకుంటుంది. రెండు మగ ఫైటర్లను మాత్రం కలిపి ఉంచకూడదు, చచ్చేలా కొట్టుకుంటాయి. షాపులో చిన్న డబ్బాలో ఉంది కదా అని ఇంట్లోనూ సీసాలో ఉంచకండి. అది ఎగురుతుంది, కాబట్టి మూత తప్పనిసరి. నీళ్ళు 24 నుంచి 28 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి. చలి ఎక్కువుండే ఊళ్ళో చదివే పిల్లలకి ఇది కష్టం.

తొట్టి ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే దాదాపు 40 లీటర్లు పడుతుంది. అందులో నాలుగైదు గప్పీలు పెట్టుకోవచ్చు. మన బోరు నీళ్ళ గట్టిదనం వాటికి పడుతుంది. అయితే అన్నీ మగవే తీసుకోండి. రంగు రంగుల పెద్ద తోకలుండేవి మగవే. ఒక్క ఆడది కలిసిందా, నెలనెలా పిల్లలే! గుర్తుంచుకోండి, 40 లీటర్లంటే 40 కిలోల బరువు. ఊగే టేబులు పనికిరాదు.

నీళ్ళకీ తోడు కావాలి

కాచిన పాలు తోడు వేయకపోతే పెరుగవుతాయా? తొట్టి కూడా అంతే. అమ్మోనియాను విరిచే మంచి సూక్ష్మజీవులు ఫిల్టర్ స్పాంజిలో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి నుంచి కొంచెం స్పాంజి తెచ్చి వేస్తే త్వరగా తోడుకుంటుంది. కొళాయి నీళ్ళు పోసేముందు బకెట్టులో ఒక రోజు ఉంచితే క్లోరిన్ పోతుంది. వారానికి ఒకసారి పావు వంతు నీళ్ళు మార్చితే చాలు. మొత్తం పారబోసి సబ్బుతో తోమితే ఆ తోడంతా పోతుంది. స్పాంజిని కూడా కొళాయి కింద కాకుండా, తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి.

మేత రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంతే. మరమరాలు, బిస్కెట్ ముక్కలు, అన్నం మెతుకులు వద్దు. అవి కుళ్ళి నీళ్ళు పాడవుతాయి.

డబ్బులిచ్చే ముందు అడగండి

వార్డెన్ ఒప్పుకున్నారా? గదిలో తోటి పిల్లలకి ఇష్టమేనా? ఫిల్టర్ ప్లగ్గు రోజంతా ఉంచనిస్తారా? సంక్రాంతి సెలవులకి ఇంటికొస్తే ఎవరు చూస్తారు? రెండు మూడు రోజులు మేత లేకపోయినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకి ఏమీ కాదు. పది రోజులైతే మనిషి కావాలి. చదువయ్యాక ఆ చేప ఎక్కడికి వెళ్తుంది? చెరువులోకి కాదు, మన ఇంటికైనా రావాలి.

వీటన్నిటికీ జవాబు దొరికితే నిశ్చింతగా కొనివ్వండి. ఒక్కదానికి దొరక్కపోయినా ఈ సంవత్సరానికి ఓ మనీప్లాంటు సీసా చాలని నచ్చజెప్పండి. చేప కొన్ని నెలలు ఆగగలదు. బెంగగా ఉన్న పిల్ల చేతిలో ఓ ప్రాణి పోవడం మాత్రం చూడలేం కదండీ!