ఆ గోలలో ఒక గోడు!

పక్క గదిలో కుర్రాడు సెల్‌ఫోనులో పాట పెడతాడు. కొలిమి దగ్గర సమ్మెట దెబ్బలు, కోతమిల్లులో రంపం మోత, వీటికి తోడు ఎవరో గొంతు చించుకుని పెట్టే కేకలు అన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి. "అదేం పాటరా, ఆపు!" అని వసారాలోంచి తండ్రి గద్దిస్తాడు. లేచి వచ్చి చూస్తే ఫోనులో బారెడు జుట్టున్న మగవాళ్ళు తలలు విదిలిస్తూ, పూనకం వచ్చినట్టు వూగుతూ గిటార్లు వాయిస్తుంటారు. విన్నప్పుడు కలిగిన అనుమానం చూశాక రూఢి అవుతుంది. కుర్రాడు చెడిపోతున్నాడు!

ఈ రకం పాటలను హెవీ మెటల్ అంటారు. బరువైన లోహం అని అర్థం. పేరుకు తగ్గట్టే వుంటుంది వ్యవహారం. అయితే వీటి మీద మోజున్న ఏ అభిమానిని కదిలించినా ముందుగా చెప్పే మాట ఒకటుంది. బొమ్మ చూసి పాటను తూచవద్దంటాడు. పాట ఒకటి చెబుతుంటే దానికి తీసిన వీడియో మరొకటి చూపించడం ఈ సంగీతంలో మామూలేనని, పెద్దలు జడుసుకునేది బొమ్మకేగాని పాటకు కాదని అతని వాదం. ఆ వాదనలో పస లేకపోలేదు.

రేకుల ఫ్యాక్టరీలో తెగిన వేళ్ళు

ఇంగ్లండులోని బర్మింగ్‌హాం 1960ల నాటికి కార్ఖానాల వూరు. మన విజయవాడ ఆటోనగర్ తెలిసినవారు వూరంతా ఆటోనగరే అయితే ఎలా వుంటుందో వూహించుకోవచ్చు. ఆ వూళ్ళో ఆస్టన్ అనే పేదల పేటలో టోనీ అయోమీ అనే కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గిటారు బాగా వాయిస్తాడని ఒక బృందం జర్మనీ తీసుకుపోతానంటే 17వ యేట ఉద్యోగానికి స్వస్తి చెప్పాడు. అది పనికి ఆఖరిరోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చినవాడు ఇక తిరిగి వెళ్ళనన్నాడు. పని ముగించి రమ్మని తల్లే పంపింది. ఆరోజు ఒక కార్మికుడు రాకపోవడంతో, తనకు అలవాటు లేని రేకులు కత్తిరించే యంత్రం మీద ఇతన్ని నిలబెట్టారు. కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కనుక గిటారు మీద తీగలు నొక్కేది ఆ కుడిచేతి వేళ్ళతోనే.

ఇక గిటారు కట్టిపెట్టవలసిందేనని వైద్యులన్నారు. ఫ్యాక్టరీ మేనేజరు మాత్రం ఒక రికార్డు తెచ్చి ఇచ్చి వినమన్నాడు. అది జాంగో రైన్‌హార్ట్ అనే విద్వాంసునిది. అగ్నిప్రమాదంలో చేయి కాలిపోయి, రెండే వేళ్ళతో గిటారు వాయించి పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. అది విన్న అయోమీ ప్లాస్టిక్ సీసాను కరిగించి, దర్జీలు వేలికి పెట్టుకునే తొడుగుల్లాంటివి తయారుచేసుకున్నాడు. వాటిపై తోలుముక్క అంటించాడు. మామూలు తీగలు గట్టిగా వుండి వేలు కొస నొప్పి పెడుతుంటే పల్చటి తీగలు కట్టుకున్నాడు. తరువాత్తరువాత తీగల బిగింపు సడలించి శ్రుతి బాగా దించేశాడు. బండరాయి దొర్లినట్టుండే ఆ మంద్రధ్వని వెనుక సంగతి ఇదీ.

అయోమీతోపాటు మరో ముగ్గురు పేట కుర్రాళ్ళు కలిసి బ్లాక్ సబ్బాత్ బృందమయ్యారు. గాయకుడు ఆజీ ఆస్బర్న్ అంతకు ముందు పశువధశాలలో, కారు హారన్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. జనం డబ్బిచ్చి మరీ దయ్యాల సినిమాకు వెళ్ళి జడుసుకుంటున్నారే, జడిపించే పాటలు కడితే మాత్రం వినరా అన్నది వీరి ఆలోచన. బృందం పేరు కూడా 1963 నాటి ఒక భయానక చిత్రం పేరే. మొదటి రికార్డు 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. పాడడం, వాయించడం అంతా ఒక్కరోజులో ముగించారు.

అందులోని మొదటి పాట వింటే వెన్ను జలదరిస్తుందంటారు. కిటుకు స్వల్పం. షడ్జమం, పై షడ్జమం, అక్కడినుంచి దిగి ప్రతి మధ్యమం - మూడే స్వరాలు, మెల్లగా, మళ్ళీ మళ్ళీ. షడ్జమానికీ ప్రతి మధ్యమానికీ వున్న ఆ ఎడాన్ని యూరపు సంగీతజ్ఞులు సైతాను స్వరమని పిలిచారు. మనకైతే అదే ప్రతి మధ్యమం కల్యాణి రాగంలో హాయిగా కూర్చుని వుంది! కల్యాణి విని జడుసుకున్నవాళ్ళు మన జిల్లాలో ఎవరూ వుండరు. ఇంతకూ ఆ పాటలోని మనిషి సైతానును కొలవడు. భయపడి, దేవుడా కాపాడమని మొరపెట్టుకుంటాడు. అదే ఏడాది వచ్చిన రెండో రికార్డులోని "వార్ పిగ్స్" పాట, తాము ఇంట కూర్చుని బీదవాళ్ళను యుద్ధానికి తోలే నాయకులను తిడుతుంది. అట్ట మీది పేరు చూసి దయ్యాల బృందమన్నవారు లోపలి పాట విన్నారో లేదో సందేహమే.

నవ్వులపాలైన పాటలు

1981 ఆగస్టు 1న అమెరికాలో ఎమ్.టి.వి. మొదలైంది. పగలూ రాత్రీ పాటల బొమ్మలే చూపే ఛానెల్. అక్కడినుంచి పాటకు బొమ్మ లేకపోతే గిరాకీ లేదన్న రోజులు వచ్చాయి. అభిమానులు తలపట్టుకున్నదీ అక్కడినుంచే.

వీడియోలు అంతకుముందు లేవని కాదు. బర్మింగ్‌హాం ప్రాంతంనుంచే వచ్చిన జూడాస్ ప్రీస్ట్ బృందం 1980లో "బ్రేకింగ్ ద లా" పాటకు ఒకటి తీసింది. ఆ ఏడాది మొదట్లో బ్రిటన్ ఉక్కు కార్మికులు మూడు నెలలపాటు సమ్మె చేశారు. దేశంలో నిరుద్యోగులు ఆ ఏడాదిలోనే 20 లక్షలు దాటారు. పాటలోని కుర్రాడు అలాంటివాడే. పని లేదు, తోచదు, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నవాడు లేడు. చివరకు చట్టాన్ని మీరుతానంటాడు. మరి వీడియోలో? బృందమంతా కారులో దిగి, తుపాకులకు బదులు గిటార్లు పట్టుకుని బ్యాంకు దోచుకుంటారు! చూసి నవ్వుకోవచ్చు. కాని కాళ్ళరిగేలా తిరిగినా పని దొరకని కుర్రాడి గోడు మాత్రం ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

ఐరన్ మెయిడెన్ బృందం 1982లో తెచ్చిన "రన్ టు ద హిల్స్" పాటకు ఇంతకంటే అన్యాయం జరిగింది. అమెరికాలో తెల్లవారు వచ్చిపడి అక్కడి ఆదివాసులను వేటాడిన కథ అది. మొదట ఆదివాసి గొంతుతో, ఆ తరువాత దాడికి వచ్చిన సిపాయి గొంతుతో సాగుతుంది. గుర్రాలు తరుముకొస్తున్నట్టుండే ఆ తాళం వింటే మన్యం కథలు ఎరిగిన మనవారికి వివరించి చెప్పనక్కరలేదు. వీడియోలో మాత్రం బృందం వాయించే దృశ్యాల మధ్య పాత మూకీ హాస్యచిత్రపు తునకలు అతికించారు. చావు పాటకు పగటివేషం కట్టినట్టయింది. పాట గొప్పది, వీడియో దండగ అని మొహమాటం లేకుండా చెప్పవచ్చు.

ఆ దశాబ్దం చివరికి వచ్చేసరికి పెంచిన జుట్టు, పూసిన రంగు, ఖరీదైన కార్లు, అలంకారానికి నిలబెట్టిన ఆడపిల్లలు - ఇవే వీడియోలయ్యాయి. వాటిని వెనకేసుకు రావడం వీరాభిమానికి కూడా చేతకాదు.

కోర్టుకెక్కిన పాట

బొమ్మలు చూసి అమెరికాలో తల్లిదండ్రులు నిజంగానే కంగారుపడ్డారు. వాషింగ్టన్‌లోని పెద్ద నాయకుల భార్యలు కొందరు సంఘం పెట్టారు. 1985 సెప్టెంబరులో సెనేట్ కమిటీ విచారణ జరిపింది. ట్విస్టెడ్ సిస్టర్ బృందం గాయకుడు డీ స్నైడర్ చింపిరి జుట్టుతో, చేతుల్లేని చొక్కాతో వచ్చి కూర్చున్నాడు. ఇతనేం మాట్లాడతాడులే అనుకున్నవారు తెల్లబోయారు. తన పాటలో హింస, కామం వున్నాయని ఆరోపించారే, అది తమ గిటారు వాద్యకారుడికి గొంతు ఆపరేషన్ జరిగినప్పటి భయం గురించి రాసిన పాట అని చెప్పాడు. వెదుక్కుంటూ పోయినవారికి వెదికిందే కనిపిస్తుందన్నాడు. అయినా రికార్డుల మీద తల్లిదండ్రులకు హెచ్చరిక చీటీలు అంటించే పద్ధతి మాత్రం వచ్చింది. అందులో తప్పు పట్టడానికీ ఏమీ లేదు.

1990లో నెవాడా రాష్ట్రంలో నడిచిన కేసు మరీ బాధాకరమైనది. 1985 చివర ఇద్దరు యువకులు ఆత్మహత్యకు పాల్పడ్డారు. ఒకడు అక్కడికక్కడే పోయాడు, రెండోవాడు మూడేళ్ళకు. జూడాస్ ప్రీస్ట్ పాటలో చెవికి ఆనని రహస్య సందేశమేదో వుందని, అదే వారిని పురికొల్పిందని కుటుంబాలవారు దావా వేశారు. బృందమంతా కోర్టులో వారాల తరబడి కూర్చుంది. బృందానికి బాధ్యత లేదని న్యాయమూర్తి తీర్పు చెప్పారు. కన్నవారి కడుపుకోతను ఎవరూ కాదనలేరు. వినేవాళ్ళు పోతే పాడేవాడికి ఒరిగేదేమిటన్న అభిమానుల ప్రశ్ననూ తోసిపుచ్చలేం.

ఇలాగని అభిమానులంతా బుద్ధిమంతులని కాదు. 2011 అక్టోబరు 28న ఢిల్లీ శివారు గుర్గావ్‌లో మెటాలికా బృందం కచేరీ జరగవలసి వుండగా, జనం అడ్డుకట్టలు తోసుకుని పడడంతో రద్దయింది. రెండు రోజుల తరువాత బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మాత్రం సక్రమంగా జరిగింది.

ఒక్క వీడియో చాలు

పాటా బొమ్మా ఒక్క మాట మీద నిలబడ్డ వీడియో ఏదని అడిగితే చాలామంది అభిమానులు చెప్పేది ఆ మెటాలికా పాటే - "వన్". 1981లో లాస్ ఏంజెలెస్‌లో ఏర్పడ్డ ఈ బృందం ఏడేళ్ళపాటు వీడియోలు తీయమని భీష్మించుకు కూర్చుంది. 1989 జనవరిలో ఈ పాటకు తొలిసారి వీడియో విడుదల చేసినప్పుడు, వీళ్ళూ అమ్ముడుపోయారని పాత అభిమానులు కొందరు అలిగారు కూడా. చూశాక చాలామంది అలక తీరింది. అదే ఏడాది, హెవీ మెటల్‌కు తొలిసారిగా ఇచ్చిన గ్రామీ బహుమతి అందరూ అనుకున్నట్టు వీరికి రాక, వేణువు వాయించే గాయకుడున్న జెత్రో టల్ బృందానికి పోవడం ఒక వింత. మరుసటి ఏడాది "వన్" పాటకే బహుమతి ఇచ్చి ఆ బాకీ తీర్చారు.

పాటలోని మనిషి సిపాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండు పడి కాళ్ళూ చేతులూ పోయాయి. కళ్ళు, చెవులు, నోరు కూడా పోయాయి. ప్రాణం, తెలివి మాత్రం మిగిలాయి. ఆసుపత్రి మంచం మీద అతనికి పగలో రాత్రో తెలియదు, తాను బతికివున్నట్టు చెప్పుకునే దారి లేదు. డాల్టన్ ట్రంబో 1939లో ఈ కథను నవలగా రాసి, 1971లో తానే సినిమాగా తీశాడు. బృందం ఆ సినిమా దృశ్యాలను తీసుకుని, ఖాళీ గోదాములో తాము వాయిస్తున్న దృశ్యాల మధ్య కూర్చింది. దాదాపు అంతా నలుపు తెలుపుల్లోనే. బృందం వాళ్ళు కెమెరా వంక చూసి నవ్వడంగాని, వేషాలు వేయడంగాని లేదు.

పాట మెల్లగా, దాదాపు జోలపాటలా మొదలవుతుంది. సగం దాటాక డ్రమ్ముల మీద రెండు కాళ్ళతో ఒక్కసారి మరతుపాకి పేలినట్టు వాయిస్తాడు. వట్టి చెవులకు గోల అనిపించే ఆ వాయింపు ఎందుకో బొమ్మ చూసినప్పుడు తెలుస్తుంది. నోరు లేనివాడి అరుపు అది. ముందు కళ్ళు మూసుకుని ఒకసారి విని, ఆ తరువాత చూడమంటాడు అభిమాని. సినిమా ముక్కలు లేకుండా బృందం మాత్రమే కనిపించే కుదించిన వీడియో కూడా ఒకటి వుంది. దాన్ని వదిలేసినా నష్టం లేదు.

ఆ మంచం మీది సిపాయి చివరకు ఒక వుపాయం కనిపెడతాడు. తలను దిండుకేసి కొడుతుంటాడు. చుట్టూ చేరిన మిలిటరీ డాక్టర్లు వణుకు రోగమనుకుంటారు. నిజానికి అది తంతి భాష, పొట్టి దెబ్బ, పొడుగు దెబ్బ. మన దేశంలో టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది. తంతి ఆఫీసులో పనిచేసి పింఛను తీసుకుంటున్న పెద్దమనిషి ఎవరైనా వూళ్ళో వుంటే, కుర్రాళ్ళు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ వీడియో చూపించవచ్చు. ఆ తల కొట్టుకోవడం ఏమిటో డాక్టర్లకంటే ముందే ఆయనకు తెలిసిపోతుంది.