కొత్త పోప్ ‘లియో’ అనే పేరే ఎందుకు పెట్టుకున్నారు?

పిల్లలూ, మనకు పేరు పెద్దవాళ్ళు పెడతారు. క్యాథలిక్ క్రైస్తవుల మతపెద్ద అయిన పోప్ మాత్రం, ఎన్నిక కాగానే తన కొత్త పేరు తానే ఎంచుకుంటారు. ఇది చట్టం కాదు, ఆచారం. 533లో పోప్ అయిన మెర్క్యూరియస్‌ది ఒక రోమన్ దేవుడి పేరు. అందుకని ఆయన రెండవ జాన్ అని పేరు మార్చుకున్నారు.

2025 మే 8న ఎన్నికైన రాబర్ట్ ప్రివోస్ట్ పద్నాలుగవ లియో అయ్యారు. ఎందుకంటే, పదమూడవ లియో 1891లో ఫ్యాక్టరీ కార్మికుల పక్షాన ఒక లేఖ రాశారు. బతకడానికి సరిపడా కూలి ఇవ్వాలని, సంఘం పెట్టుకునే హక్కు ఉండాలని అందులో అన్నారు. అప్పుడు యంత్రాలు, ఇప్పుడు కృత్రిమ మేధ. మనిషి గౌరవానికి, పనికి మళ్ళీ పరీక్ష వచ్చిందని కొత్త పోప్ కార్డినల్స్‌తో చెప్పారు.

అంటే ఆ పేరు ఆయన ఇచ్చిన మాట లాంటిది. మరి మీ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? ఈరోజు ఇంట్లో అడగండి.