పండ్ల పొదల మొదట్లో కలుపు: తవ్వొద్దంటే మరెలా?

బ్రిటన్‌లో అలాట్‌మెంట్, అంటే అద్దె తోట మడి, దొరికిన తెలుగువాళ్లలో చాలామంది ముందు కూరగాయల మీదే పడతారు. తోటకూర, మెంతికూర, బంగాళదుంప, చిక్కుడు. ఒకటి రెండేళ్లు గడిచాక పక్క మడిలో నల్లటి గుత్తులు వేలాడే బ్లాక్‌కరెంట్ పొద మీదో, పచ్చి గూస్‌బెర్రీ కాయల మీదో మనసు పోతుంది. పచ్చి గూస్‌బెర్రీ పులుపు పప్పులోకి ఎంత బాగుంటుందో ఒక్కసారి తిన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మొక్కలు తెచ్చి నాటుతారు. మరుసటి వేసవికి అసలు ప్రశ్న ఎదురవుతుంది: ఈ పొదల కింద మొలిచే గడ్డిని ఏం చేయాలి?

కూరగాయల మడినైతే పంట తీశాక మొత్తం తిరగేసి తవ్వుకోవచ్చు. పొద కింద ఆ వీలు లేదు. బ్లాక్‌కరెంట్‌ను బాగా చూసుకుంటే పదిహేనేళ్లయినా కాస్తుంది. అన్నేళ్లూ దాని మొదట్లో పార దింపకూడదు. అందుకని ఇక్కడ కలుపు తీయడం, నేల కప్పడం ఒకే పనికి ముందూ వెనకా. ఆ వరస తప్పితే మోసుకొచ్చి పరిచిన ఎరువంతా కలుపుకే మేత అవుతుంది.

స్థలం సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి పాత కొలతలో నిండు అలాట్‌మెంట్ అంటే 10 రాడ్‌లు. మన లెక్కలో 302 గజాల పైచిలుకు, అంటే ఆరుంపావు సెంట్లు. ఇప్పుడు చాలాచోట్ల అందులో సగమే ఇస్తున్నారు. 1922 నాటి చట్టం అలాట్‌మెంట్ తోట అంటే ఏమిటో చెప్పినప్పుడే, అద్దెకు తీసుకున్నవారు తమ ఇంటి అవసరానికి ప్రధానంగా కూరగాయలో పండ్లో పండించుకునే నేల అంది. గడ్డి కమ్మిన మడికి కౌన్సిల్ నుంచి నోటీసు వచ్చేది అందుకే. మన మడిలో డాండెలియన్ పూసి ఎండితే గింజ గాలికి ఎగిరి పక్కవాళ్ల మడిలో దిగుతుంది కనుక, ఆ నోటీసు న్యాయమైనదనే నేనంటాను.

నాలుగు గడ్డిపరకలుంటే పొదకేం నష్టం?

ఈ సంగతి తేల్చడానికి ఇంగ్లండ్‌లో పెద్ద ప్రయోగమే జరిగింది. 1894లో బెడ్‌ఫర్డ్ డ్యూక్, రసాయన శాస్త్రవేత్త స్పెన్సర్ పికరింగ్ కలిసి బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని రిడ్జ్‌మాంట్ దగ్గర వోబర్న్ ప్రయోగాత్మక పండ్ల తోటను మొదలుపెట్టారు. అక్కడ లేత ఆపిల్ మొక్కల చుట్టూ గడ్డి పెంచి చూస్తే మొక్కలు గిడసబారిపోయాయి. గడ్డి వేర్ల నుంచి ఏదో విషం దిగుతోందని పికరింగ్ నమ్మాడు. తర్వాతివాళ్లు నీటి కోసం, నత్రజని కోసం జరిగే పోటీయే ముఖ్య కారణమన్నారు. కారణం దగ్గర వాదం నడిచింది గాని, లేత మొక్క మొదట్లో గడ్డి చేటు అన్న మాట మాత్రం నిలబడింది.

ఆపిల్ చెట్టు పెద్దయ్యాక వేళ్లను లోతుకు దించుకోగలదు. పొదలకు ఆ బలం తక్కువ. మేత తెచ్చే సన్నవేర్లు ఎక్కువగా పైనున్న జానెడు మట్టిలోనే అల్లుకుని ఉంటాయి. గడ్డి వేర్లు ఉండేదీ అక్కడే. పైగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద ఒకేసారి రెండు బరువులు మోస్తుంది: కాయను ఊరించాలి, కొత్త కొమ్మను తీయాలి. బ్లాక్‌కరెంట్‌లో వచ్చే ఏటి కాపు ఎక్కువగా ఈ ఏడు లేచిన కొమ్మ మీదే. ఆ మూడు నెలలూ గడ్డి నీళ్లు తాగేస్తే ఇప్పటి కాయ చిన్నదవుతుంది, వచ్చే ఏడు కాయాల్సిన కొమ్మ పొట్టిదవుతుంది. ఒక వేసవి అశ్రద్ధకు రెండు కాపులు దెబ్బతింటాయి. నాటిన మొదటి రెండు మూడేళ్లయితే పొద చుట్టూ కనీసం మీటరు వెడల్పు నేలను శుభ్రంగా ఉంచాల్సిందే.

అయితే తవ్వి పారేస్తే పోలేదా?

పోదు, పెరుగుతుంది. పార దిగిన ప్రతిసారీ ఆ జానెడు మట్టిలోని మేత వేర్లు తెగుతాయి. బైండ్‌వీడ్ లాంటి కలుపైతే తెగిన ప్రతి ముక్కా ఒక కొత్త మొక్క. మూడో నష్టం కంటికి కనబడదు: అడుగున నిద్రపోతున్న గింజలను మనమే వెలుతురులోకి తెస్తాం. గింజ ఎంతకాలం ఓర్చుకోగలదో చూద్దామని 1879లో అమెరికాలోని మిచిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త కలుపు గింజలను ఇసుకలో కలిపి, సీసాల్లో పోసి భూమిలో పాతిపెట్టాడు. 2021లో తవ్వి తీసిన సీసాలోని గింజలు కొన్ని మొలకెత్తాయి. ఈ సంగతి తెలిశాక పొద కింద మట్టిని ఉట్టినే కెలకాలంటే చెయ్యి రాదు.

ఏటా మొలిచి ఏటా చచ్చే చిన్న కలుపును, చిక్‌వీడ్, గ్రౌండ్‌సెల్ వంటివాటిని, గీకాలి. మనవైపు దోకుడుపారతో గీకినట్టే, ఇక్కడ పొడవాటి కర్ర ఉన్న డచ్ హోతో గీకుతారు. మనది లాగే పనిముట్టు, ఇది ముందుకు తోసేది. హో రేకు నేలకు సమంగా పడుకోవాలి, వేలి మందం కన్నా లోతుకు దిగకూడదు. పదును లేని రేకు కలుపును కోయదు, వంచి వదిలేస్తుంది. ఎండా గాలీ ఉన్న పొద్దుటిపూట, మొలకకు రెండు మూడు ఆకులున్నప్పుడే గీకేస్తే సాయంత్రానికి అక్కడే ఎండిపోతుంది. మేఘం పట్టిన రోజు, నేల తడిగా ఉన్నప్పుడు గీకితే చిక్‌వీడ్ పడినచోటే మళ్లీ వేరు పట్టేస్తుంది. కొమ్మల మొదట్లోకి హోను పోనివ్వకండి. అక్కడ చేత్తోనే పీకాలి. గూస్‌బెర్రీకి ముళ్లు కనుక మందపాటి చేతొడుగులు తప్పవు.

వేరుతో బతికే కలుపును ఏం చేయాలి?

అలాట్‌మెంట్‌లో మనిషి ఓపికకు నిజమైన పరీక్ష ఇదే. బైండ్‌వీడ్, కౌచ్ గడ్డి, గ్రౌండ్ ఎల్డర్, హార్స్‌టెయిల్. వీటి మీద ఎంత మందంగా కప్పినా కింద వేరు బతికే ఉంటుంది. కప్పిన ఎరువు వదులుగా, తడిగా ఉంటుంది కనుక ఇంకా హాయిగా పాకుతుంది కూడా. అందుకే పొదలు నాటకముందే ఏడాదిపాటు ఆ చోటును అట్టలతోనో వెలుతురు చొరని నల్ల పట్టాతోనో మూసేసి, ఆ తర్వాత ఫోర్కుతో మిగిలిన వేర్లను ఏరి, అప్పుడు నాటమంటాను. ఏడాది పోతుందని బాధపడతారు గాని, ముందున్న పదిహేనేళ్లతో పోల్చి చూసుకోండి.

ఇప్పటికే పొదలోకి చొరబడితే ఒక్కోదానికి ఒక్కో దారి. కౌచ్ గడ్డి మన గరికలాగే భూమిలో కాడలు పాకించి, పొద వేళ్ల మధ్య నుంచి దూరిపోతుంది. పైన ఎంత పీకినా లాభం ఉండదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఆకు రాలి పొద నిద్రలో ఉన్నప్పుడు, పొదనే పైకి తీసి, వేళ్లకున్న మట్టి కడిగి, తెల్లటి కాడలను ఒక్కొక్కటిగా ఏరేసి, శుభ్రమైన చోట మళ్లీ నాటాలి. లేత పొద దీన్ని బాగానే తట్టుకుంటుంది.

బైండ్‌వీడ్ కొమ్మలకు చుట్టుకుని పైకి పాకుతుంది. కోపంతో ఒక్కసారి లాగితే కాయలున్న కొమ్మ విరుగుతుంది, దాని వేరు మాత్రం భూమిలోనే ఉండిపోతుంది. నేల దగ్గర తుంచి, పైన చుట్టుకున్నది వాడాక విప్పి తీయండి. మళ్లీ చిగురు కనబడగానే మళ్లీ తుంచండి. ఆకు వేసి వేరుకు తిండి పంపే లోపు తుంచుతూ పోతే రెండు మూడేళ్లలో బలహీనపడుతుంది. హార్స్‌టెయిల్ వేళ్లు రెండు మీటర్ల లోతుకు కూడా పోతాయి. దాన్ని పూర్తిగా పోగొడతామనే ఆశ పెట్టుకోకుండా కనబడినప్పుడల్లా పీకుతూ ఉండటమే దారి. దాని నీడ పలచన కనుక పొద దానితో కలిసి బతకగలదు.

కప్పితే ఏమవుతుంది? ఎప్పుడు కప్పాలి?

చిన్న గింజల్లో చాలావాటికి మొలవడానికి వెలుతురు కావాలి. పైన 5 నుంచి 8 సెంటీమీటర్ల మందం పరిస్తే ఆ వెలుతురు అందదు. మొలిచినా పైకి వచ్చేలోపే గింజలోని సత్తువ అయిపోతుంది. తడి ఆరదు. వానపాములు పైనున్నదాన్ని కొంచెం కొంచెంగా కిందికి దించుకుంటాయి. మనం తవ్వకూడని చోట మనకు బదులు ఆ పని చేసేవి అవే.

ఆంధ్రలో ప్రకృతి సేద్యం చేసే రైతులు ఆచ్ఛాదన అంటూ చేసేది ఇదే పని. కాకపోతే అక్కడ ముఖ్య శత్రువు ఎండ, ఇక్కడ చలి కూడా ఉంది. నడిచలికాలంలో కప్పితే నేలలోని చల్లదనం లోపలే చిక్కుకుపోయి వసంతంలో పొద ఆలస్యంగా మేలుకుంటుంది. నేల కాస్త వెచ్చబడటం మొదలై, వానలకు బాగా నానిన ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా సరైన కాలం. ఎండిన నేల మీద మాత్రం ఎప్పుడూ కప్పకండి. వచ్చిన చిరువానను పైపొరే పీల్చేసి కిందికి చుక్క దిగనివ్వదు. ముందు నీళ్లు పెట్టి, అది ఇంకాక కప్పాలి.

అట్టపెట్టెల అట్టను కింద పరిచి దానిపై ఎరువు వేయడం మంచి పద్ధతి. టేపులు, స్టేపుల్ పిన్నులు పీకేసి, తడిపి, అంచులు జానెడు చొప్పున ఒకదానిమీదొకటి వచ్చేలా పరచాలి. పాత కార్పెట్లు మాత్రం వద్దు. వాటి ప్లాస్టిక్ పోగులు మట్టిలో కలిసి ఎప్పటికీ ఏరలేనంతగా చిక్కుపడతాయి. చాలా కౌన్సిళ్లు వాటిని నిషేధించాయి కూడా.

ఏది పరచాలి?

ఇంట్లో చేసుకున్న కంపోస్ట్ అన్నిటికన్నా నమ్మకమైనది. గుర్రపు ఎరువు ఇక్కడ తేలిగ్గా దొరుకుతుంది గాని బాగా మాగి ఉండాలి, పరీక్షించకుండా వాడకూడదు. పచ్చికబయళ్ల మీద చల్లే అమినోపైరలిడ్ అనే కలుపుమందు గడ్డిలోంచి గుర్రం కడుపులోకి, అక్కడి నుంచి పేడలోకి చెక్కుచెదరకుండా వస్తుంది. 2008లో బ్రిటన్‌లో ఎన్నో అలాట్‌మెంట్లలో చిక్కుడు, టమాటా, బంగాళదుంప ఆకులు ముడుచుకుని వంకరపోయినప్పుడు ఈ సంగతి బయటపడింది. పరీక్ష కష్టం కాదు. ఎరువును మామూలు కంపోస్ట్‌తో కలిపి కుండీలో పోసి బ్రాడ్ బీన్స్ గింజలు వేయండి. పక్కన ఎరువు కలపని కుండీలో కూడా వేయండి. మూడు నాలుగు వారాల్లో మొదటి కుండీలో ఆకులు ముడుచుకుంటే ఆ ఎరువు మీ మడిలోకి రాకూడదు.

చెట్లు కొట్టేవాళ్లు తెచ్చి పోసే చెక్కపేళ్లు నత్రజనిని లాగేస్తాయని చాలామంది భయపడతారు. మట్టిలో కలిపి తవ్వితే అది నిజం. నేలపైన పరిచి వదిలేస్తే, పేళ్లు మట్టిని తాకే పలుచటి పొరలోనే ఆ ప్రభావం ఉంటుంది. పొదలకు పేళ్లు బాగానే నప్పుతాయి.

అన్ని పొదలకూ ఒకే పద్ధతా?

కాదు, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. బ్లాక్‌కరెంట్‌ను కుండీలో ఉన్నదానికన్నా 5 సెంటీమీటర్లు లోతుగా నాటుతాం, కొత్త కొమ్మలు భూమిలోంచే రావాలని. దానికి మొదట్లోనే ఎరువు పడినా ఫరవాలేదు, తిండిపోతు కూడా. రెడ్‌కరెంట్, గూస్‌బెర్రీలను మాత్రం జానెడుకు తక్కువైన ఒంటి కాండం మీద పెంచుతాం. ఆ కాండానికి ఎరువు ఆనితే బెరడు చివుకుతుంది, అడుగు నుంచి అక్కర్లేని పిలకలు లేస్తాయి. బెత్తెడు ఖాళీ వదలాలి. గుర్రపు ఎరువు ఎక్కువైతే గూస్‌బెర్రీకి మెత్తటి చిగుళ్లు పుట్టి బూడిద తెగులు పడుతుంది. దానికి పలుచగా కంపోస్ట్, చలికాలం చివర గుప్పెడు కట్టెల బూడిద చాలు.

రాస్ప్‌బెర్రీ వేళ్లు అన్నిటికన్నా పైపైన ఉంటాయి, అక్కడ హో కూడా వద్దు. పుట్టగొడుగుల పెంపకంలో వాడి పారేసిన కంపోస్ట్‌లో సున్నం ఉంటుంది కనుక రాస్ప్‌బెర్రీ ఆకులు పాలిపోతాయి. బ్లూబెర్రీకైతే అది మరీ చేటు. దానికి పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండే పుల్లటి నేల కావాలి. పైన్ బెరడో పైన్ ఆకులో పరిచి, వాననీళ్లు పోయాలి.

కప్పడం వల్ల చెడు ఏమీ లేదా?

రెండున్నాయి. తడిగా, ఖాళీగా ఉన్న నేల పగలు పీల్చుకున్న వేడిని రాత్రి పైకి వదులుతుంది. మందంగా ఎండుగడ్డి పరిస్తే ఆ వేడి పైకి రాదు. ఏప్రిల్‌లో పూత మీదున్న బ్లాక్‌కరెంట్‌కు మంచు పడే రాత్రి ఆ కాస్త వేడే ఆధారం. మీ మడి పల్లంలో ఉండి, మంచు నిలిచే చోటైతే, ఎండుగడ్డిని పూత రాలి పిందె పడ్డాకే పరవండి. కంపోస్ట్ పలుచగా ఉంటే ఇంత చిక్కు లేదు.

రెండోది గూస్‌బెర్రీ సాఫ్లై. దాని పురుగులు మే నెలలో నాలుగు రోజుల్లో పొదను ఆకు లేకుండా చేసేస్తాయి. చలికాలమంతా అవి దాక్కునేది పొద కింద మట్టిలోనే, మనం కప్పిన దుప్పటి అడుగునే. అందుకే గూస్‌బెర్రీ కింద పాత పొరను జనవరి, ఫిబ్రవరుల్లో పక్కకు లాగి, పైమట్టిని వేళ్లతో కాస్త కదిపి కొన్ని వారాలు తెరిచి ఉంచండి. బ్లాక్‌బర్డ్‌లు, రాబిన్‌లు వచ్చి ఏరుకుంటాయి. లాగిన పాత పొరను కంపోస్ట్ కుప్పలో వేసి, మార్చిలో కొత్తది పరవండి. ఏప్రిల్ చివర నుంచి పొద నడిమధ్యన, కింది ఆకుల వెనకవైపు వారానికి రెండుసార్లు తిప్పి చూడండి. గుడ్లు ముందు అక్కడే పెడుతుంది.