నకిలీ తపాలా బిళ్లను కాంతి ఎలా పట్టిస్తుంది?

మహాత్మా గాంధీ స్మారకంగా నాలుగు తపాలా బిళ్లలు 1948 ఆగస్టు 15న విడుదలయ్యాయి. వాటిని స్విట్జర్లాండ్‌లోని కూర్వాజియే సంస్థ ముద్రించింది. గవర్నర్ జనరల్ కార్యాలయ అవసరాల కోసం కొద్ది సెట్లపై ‘సర్వీస్’ అనే మాటను ఇంగ్లిష్‌లో అదనంగా అచ్చువేశారు. అలాంటి పది రూపాయల బిళ్లలు నాలుగు కలిసి ఉన్న ముక్క ఒకటి 2017లో 5 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. ఆ మాట లేని మామూలు బిళ్ల ధర దీని ముందు ఏ మూలకూ రాదు. ఏడు ఇంగ్లిష్ అక్షరాలు అచ్చువేస్తే చాలు, విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. నకిలీలకు ఇదే ఆశ.

మోసం ఎక్కడ జరిగింది?

నకిలీలు ప్రధానంగా మూడు రకాలు. ఒకటి, బిళ్ల మొత్తాన్ని కొత్తగా ముద్రించడం. రెండు, అసలు బిళ్లను కోసి, అతికించి మార్చడం. మూడు, అసలు బిళ్లపై దొంగ అక్షరాలు అచ్చువేయడం. ఏ రకమని అనుమానిస్తున్నామో దాన్నిబట్టి పరీక్ష మారుతుంది.

పూర్తిగా కొత్తగా ముద్రించినదైతే కాగితమే పట్టిస్తుంది. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాల వాడకం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే విస్తరించింది. ఇవి కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని, నీలి కాంతిని వెదజల్లుతాయి. దీన్నే ప్రతిదీప్తి అంటారు. వందేళ్ల నాటిదని చెప్పే బిళ్ల చీకట్లో అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరిస్తే అనుమానించాలి. అయితే అంతటితో తీర్పు చెప్పేయకూడదు. బట్టల సబ్బు పొడుల్లోనూ ఇలాంటి రసాయనాలు ఉంటాయి కాబట్టి, ఆ నీళ్లలో కడిగిన అసలు బిళ్ల కూడా మెరవొచ్చు.

కోసి అతికించినవాటికి 1854 నాటి నాలుగు అణాల బిళ్ల మంచి ఉదాహరణ. ఎర్రటి చట్రాన్ని, నీలి రంగు విక్టోరియా రాణి తలను విడివిడిగా అచ్చువేయడంతో కొన్ని బిళ్లల్లో తల తలకిందులైంది. ఆ అరుదైన పొరపాటును అనుకరించడానికి తలను కత్తిరించి తిప్పి అతికిస్తారు. వెనుక నుంచి వెలుతురు పడేలా పట్టుకుని భూతద్దంతో చూస్తే అతుకు గీత కనిపించే అవకాశం ఉంది. తలను కొత్త రంగుతో అచ్చువేసి ఉంటే రామన్ వర్ణపట పరీక్ష పనికొస్తుంది. బిళ్లపై లేజర్ కాంతి ప్రసరింపజేసి, చెదిరి వచ్చే కాంతిలోని మార్పుల ద్వారా రంగు పదార్థాన్ని గుర్తిస్తారు. బిళ్లకు హాని ఉండదు. 1935లో మార్కెట్లోకి వచ్చిన థాలోసయనిన్ నీలం 1854 నాటి బిళ్లలో దొరికితే అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కాగితం అసలుదే అయితే?

గాంధీ బిళ్ల దగ్గర అసలు చిక్కు ఇదే. కాగితం, బొమ్మ, రంగు అన్నీ నిజమైనవే కాబట్టి పై పరీక్షలన్నిటిలోనూ అది నెగ్గుతుంది. పరిశీలించాల్సింది ఆ ఏడు అక్షరాలనే. వాటి ఆకారం, కొలతలు, మధ్య దూరాలను రుజువైన అసలు బిళ్లతో పోల్చాలి. వాడిన బిళ్ల అయితే సూక్ష్మదర్శినిలో సిరా పొరల వరుస చూడాలి. ‘సర్వీస్’ ముందు, పోస్టాఫీసు ముద్ర తర్వాత పడాలి. ముద్రపైన అక్షరాల సిరా ఉంటే, ఉత్తరం చేరాక ఎవరో వాటిని అచ్చువేశారన్నమాట.

పోస్టాఫీసు ముద్రలోని తేదీ కూడా సాక్ష్యమే. నిజాం ప్రభుత్వం 1869లోనే సొంత బిళ్లలు తెచ్చినా, చార్మినార్ బొమ్మతో ఉన్న ఒక అణా బిళ్ల వచ్చింది 1931లో. దానిపై 1925 నాటి ముద్ర ఉంటే పరికరాలతో పనేలేదు.

ఇంట్లో పాత ఉత్తరాలు దొరికితే బిళ్లలను ఊడదీయకూడదు, కడగకూడదు. కవరు, ముద్ర, బిళ్ల కలిసి ఉన్నప్పుడే ఒకదానికొకటి సాక్ష్యం. ఖరీదైన బిళ్ల కొనేముందు నిపుణుల సంఘం ఇచ్చే ధ్రువపత్రం అడగడం మంచిది.