నాలుగు గోడల్లో ఒక గోడ

ఇల్లు కట్టుకోవడానికి అప్పు కోసం బ్యాంకుకి వచ్చేవారి అంచనా పట్టికల్లో రంగుల ఖర్చు సాధారణంగా చివరి పంక్తిలో ఉంటుంది. పునాది, ఇనుము, సిమెంటు, తలుపులు అన్నీ అయ్యాక, మిగిలిన డబ్బుతో, మిగిలిన ఓపికతో చూసుకునే వ్యవహారం అది. కాని గృహప్రవేశం అయిన మర్నాటినుంచి మన కళ్ళకి రోజూ కనిపించేవి గోడలే. ఇప్పుడు గదిలో మూడు గోడలకి లేత రంగు వేసి, ఒక్క గోడకి ముదురు రంగు వేయించుకోవడం అలవాటయింది. పెయింటర్లు దాన్ని హైలైట్ గోడ అంటారు. బెంగుళూరు అపార్టుమెంటులోనైనా, బరంపురం సొంత ఇంట్లోనైనా ఇంటిల్లిపాదీ షేడ్ కార్డు చుట్టూ చేరి "ఏ రంగు?" అని తర్జనభర్జన పడతారు. ఆ ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఆ గోడ ఎవరికోసం? దానికి పనేమిటి?

మన పెద్దవాళ్ళ ఇళ్ళల్లో గోడ రంగుకి ఒక పని ఉండేది. పండగ ముందు వెల్ల వేసేటప్పుడు సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేవారు. సున్నంలో ఉండే పసుపు ఛాయని ఆ నీలం అణిచేసి, తెలుపు మరింత తెల్లగా కనిపించేది. గోడ అడుగున ఎర్రగా జాజు పూసేవారు. నీళ్ళు చిందేదీ, పిల్లలు చేతులు రాసేదీ, పెద్దలు వీపు ఆనించి కూర్చునేదీ అక్కడే కనక మరకలు తెలిసేవి కావు. అందం, అవసరం రెండూ ఆ ఎర్రమట్టిలోనే కుదిరిపోయేవి.

ఏ గోడ?

గదిలో అడుగుపెట్టగానే కంటికి ఎదురయ్యే గోడని ఎంచుకోవడం మామూలు పద్ధతి. కిటికీలు, అలమరలు తక్కువగా ఉన్న గోడ అయితే రంగు ముక్కలు ముక్కలుగా కాకుండా నిండుగా కనిపిస్తుంది. పెద్ద కిటికీ ఉన్న గోడకి ముదురు రంగు వేస్తే పగటిపూట కళ్ళకి ఇబ్బంది. బయటి వెలుగుకీ, చుట్టూ ఉన్న చీకటి రంగుకీ మధ్య తేడా పెరిగి కిటికీ కళ్ళలో పొడిచినట్టుంటుంది. పొడుగ్గా, ఇరుకుగా ఉన్న గదిలో దూరంగా ఉన్న చిన్న గోడకి ముదురు రంగు వేస్తే ఆ గోడ దగ్గరకి జరిగినట్టు అనిపించి గది కొంచెం సరిగ్గా కుదురుతుంది.

వెలుతురు సంగతి

షేడ్ కార్డులోని రంగు మన గోడమీద అలాగే కనిపించదు. ఉత్తరం కిటికీ ఉన్న గదిలో నేరుగా ఎండ పడేది తక్కువ. వెలుతురు నిలకడగా, కాస్త నీలిఛాయతో ఉంటుంది. అక్కడ బూడిద రంగులు, నీలాలు మరీ చల్లగా, దిగులుగా తోస్తాయి. పడమటి గదిలో సాయంత్రపు ఎండ ఎరుపు, నారింజ రంగుల్ని మండిస్తుంది. రాత్రి దీపానిది మరో లెక్క. ఎల్‌ఈడీ దీపం డబ్బామీద 2700, 3000, 6500 అంటూ కెల్విన్ అంకెలు ఉంటాయి. అంకె తగ్గినకొద్దీ వెలుతురు పసుపు పచ్చగా, పెరిగినకొద్దీ నీలి తెలుపుగా ఉంటుంది. పాత బల్బులాంటి 2700 దీపం కింద గంధం రంగు బంగారంలా ఉంటే, 6500 దీపం కింద అదే రంగు పాలిపోయి కనిపిస్తుంది. అందుచేత ముందు దీపం నిర్ణయించుకుని, తర్వాత రంగు చూడడం మంచిది.

పక్కనున్న రంగు ప్రభావం కూడా తక్కువేం కాదు. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో అద్దకం విభాగం చూసిన షెవ్రోల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడికి, నల్లదారం సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. దాని పక్కన నేసిన రంగులవల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. ఆ పరిశీలనల్ని ఆయన 1839లో పుస్తకంగా అచ్చువేశారు. మన ఆడవాళ్ళకి ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. ఒకే అంచు మిరపపండు చీరమీద ఒకలా, నెమలికంఠం చీరమీద ఒకలా కనిపిస్తుంది కదా! గోడ రంగు ఎంచేటప్పుడు నేల పలకలు, తలుపు, కర్టెన్లు, మంచం చెక్క పక్కన పెట్టి చూడాలనడం అందుకే.

పెద్దవాళ్ళ గది

చెన్నైలోని మా ఇంట్లో అమ్మ గదికి రంగులు వేయించవలసి వచ్చినప్పుడు, మంచం తలాపి గోడకి ముదురు నీలం వేద్దామన్నారు పిల్లలు. అమ్మ నవ్వి, "నా తల వెనక రంగు వేసి నన్ను చూడమంటే ఎలారా?" అంది. మాటకి నవ్వుకున్నా, అందులో ఆలోచించవలసిన విషయం ఉంది. వయసు మీదపడిన కొద్దీ కంటిలోని కటకం పసుపు ఛాయకి తిరుగుతుంది. నీలం వెలుతురు లోపలికి వెళ్ళడం తగ్గుతుంది. లేత నీలం, లేత ఆకుపచ్చ, బూడిద రంగుల మధ్య తేడా సరిగ్గా తెలియదు. శుక్లాల ఆపరేషన్ అయినవారు లోకం ఒక్కసారిగా నీలంగా, తెల్లగా ఉందనడం మీరూ వినే ఉంటారు. తెల్లగోడలో తెల్ల తలుపు, తెల్ల స్విచ్చిబోర్డు మనకి కనిపించినంత స్పష్టంగా ఎనభై ఏళ్ళ కళ్ళకి కనిపించవు. రాత్రి లేచి బాత్‌రూమ్‌కి వెళ్ళేటప్పుడు తలుపు ఎక్కడుందో చేత్తో తడుముకోవలసి వస్తే, ఆ అడుగు తప్పితే, విరిగేది తుంటి ఎముక.

అందుకని హైలైట్ గోడగా బాత్‌రూమ్ తలుపు ఉన్న గోడనే ఎంచుకున్నాం. మంచంమీదనుంచి అమ్మకి ఎదురుగా కనిపించేదీ అదే. రంగు అమ్మే చెప్పింది: జాజు రంగు. షేడ్ కార్డులో ఇటుక రంగుల పేజీలో దొరికింది. ఆ ఎరుపుమీద తెల్ల తలుపు, తెల్ల స్విచ్చిబోర్డు చిన్న రాత్రి దీపానికే బొట్టు పెట్టినట్టు కనిపిస్తున్నాయి. అలంకారానికని మొదలైన పని ఆసరా అయింది.

మిగిలిన మూడు గోడల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. అమ్మ "లేత పచ్చ" అంటే మనవడు ఆకుపచ్చ పేజీ తీశాడు. పెయింటరూ తలూపాడు. తమిళంలో పచ్చై అంటే ఆకుపచ్చే, పసుపుకి మంజళ్ అనే వేరే మాట ఉంది. కన్నడంలో హసిరు, హళది వేరు. ఒరియాలో సబుజ, హళదియా వేరు. మరాఠీలో హిరవా, పివళా వేరు. తెలుగులో మాత్రం "పచ్చ" రెంటికీ చెల్లుతుంది. పచ్చని చెట్టూ అంటాం, పచ్చని పసుపూ అంటాం. అమ్మ అడిగింది పసుపు పచ్చ. మనలాంటి ఇళ్ళల్లో రంగుపేరు చెప్పి ఊరుకోకుండా షేడ్ కార్డు నంబరు రాసి ఇవ్వడం క్షేమం. అలాగని మాటల్ని వదులుకోవద్దు. చిలకపచ్చ, గచ్చకాయ రంగు, వంకాయ రంగు, గంధం రంగు, మామిడి చిగురు రంగు అంటూ పిల్లలచేత ఆ పేజీల్లో వెతికించండి. ఒక సాయంత్రం హాయిగా గడుస్తుంది, పది తెలుగు మాటలు ఇంట్లో నిలుస్తాయి.

గోడ ఆరోగ్యం

తడి గోడమీద ఏ రంగూ నిలవదు. యానాం, చెన్నై, ముంబాయిలాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ. గోడమీద తెల్లటి ఉప్పు పొడి తేలినా, పొక్కులు లేచినా, ముందు తడి ఎక్కడినుంచి వస్తోందో కనుక్కుని బాగుచేయించాలి. మరకల్ని ముదురు రంగుతో కప్పిపెట్టడం రాని బాకీని పుస్తకాల్లో ఆస్తిగా చూపించడంలాంటిది. కొత్త ప్లాస్టరింగు పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత ప్రైమర్, లప్పం, ఆపైన రంగు.

పాత ఇళ్ళల్లో ఇంకో జాగ్రత్త అవసరం. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు మించరాదని 2016లో నిబంధనలు వచ్చి, 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి. అంతకుముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా తలుపులు కిటికీల ఎనామెల్‌లో, సీసం ఎక్కువగా ఉండే అవకాశముంది. దాన్ని పొడిగా ఉప్పు కాగితంతో రుద్దితే లేచే దుమ్ము పసిపిల్లలకి, గర్భిణులకి హాని. తడిపి రుద్దించాలి, వారిని ఆ రోజుల్లో దూరంగా ఉంచాలి, నేలని తడిగుడ్డతో తుడవాలి.

ఖర్చు, నమూనా

లెక్క తేలికే. 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గోడ అంటే 120 చదరపు అడుగులు. అందులో తలుపు విస్తీర్ణం తీసెయ్యండి. లీటరుకి ఎన్ని చదరపు అడుగులు వస్తుందో డబ్బామీద ఉంటుంది. అది ఒక పూతకా, రెండు పూతలకా అన్నది చూసుకోండి. నచ్చకపోతే మళ్ళీ వేయించాలంటే రంగుతోపాటు కూలీ కూడా రెండోసారి ఇవ్వాలి. దానిముందు నమూనా డబ్బా ఖర్చు ఏపాటిది?

రెండడుగుల చదరపు అట్టముక్కకి రెండు పూతలు వేసి ఆరనివ్వండి. దాన్ని ఆ గోడకే ఆనించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి దీపం కింద రెండు మూడు రోజులు చూడండి. చిన్న ముక్కలో హుందాగా ఉన్న రంగు గోడంతా పరుచుకుంటే మరింత గాఢంగా తోస్తుంది. అనుమానముంటే ఒక మెట్టు తక్కువ ఛాయ తీసుకోండి. ఆ గదిలో ఎక్కువసేపు ఉండేవారి మాటకి ఎక్కువ విలువ ఇవ్వండి. వచ్చిపోయే చుట్టాల మెప్పు ఒక పూటే.

పని అయ్యాక రంగు నంబరు, కంపెనీ పేరు, వేసిన తేదీ ఒక కాగితంమీద రాసి అలమర తలుపు లోపలివైపు అంటించండి. నాలుగేళ్ళ తర్వాత గీత పడ్డచోట దిద్దుకోవడానికి పనికొస్తుంది.